వేవ్‌లెట్ వాడినా ఈసీజీలో నాయిస్ పోవట్లేదా? ముందు డీ1 చూడండి

సమస్య: కోడ్ ఏ ఎర్రరూ లేకుండా నడుస్తుంది. సిగ్నల్‌ని వేవ్‌లెట్‌తో (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లుగా విడగొట్టే చిన్న అల) ఐదు లెవెల్స్‌గా విడగొట్టారు (పై ఫ్రీక్వెన్సీల నుంచి కిందికి వరసగా డీ1 నుంచి డీ5), సాఫ్ట్ థ్రెషోల్డ్ పెట్టారు (హద్దు కన్నా చిన్న విలువల్ని సున్నా చేసి, మిగతావాటిని ఆ మేరకు తగ్గించడం), మళ్లీ కలిపారు. గ్రాఫ్ గీస్తే నాయిస్ ఎక్కడిదక్కడే ఉంది.

వెంటనే అందరూ వేవ్‌లెట్ మార్చేస్తారు. డీబీ4 పోయి సిమ్8 వస్తుంది, అదీ కుదరకపోతే కాయిఫ్లెట్. దాంతో ఒరిగేదేమీ ఉండదు. శాంప్లింగ్ రేటు (సెకనుకి ఎన్ని శాంపిల్స్ తీశారో) ఎంతో ముందు చూడండి బాబూ! వేవ్‌లెట్‌కి హెర్ట్జ్ లెక్కలు తెలియవు, ఒక్కో లెవెల్‌కి బ్యాండ్‌ని సగం చేసుకుంటూ పోతుందంతే. 360 హెర్ట్జ్ రికార్డులో సుమారుగా డీ1కి 90–180, డీ2కి 45–90, డీ3కి 22.5–45 హెర్ట్జ్ వస్తాయి.

అసలు కారణం: గణాంక శాస్త్రవేత్తలు డొనోహో, జాన్‌స్టన్‌ల సూత్రంలో థ్రెషోల్డ్ అంటే σ√(2 ln N); σ అంటే నాయిస్ పరిమాణం, N అంటే శాంపిల్స్ సంఖ్య. ఈ σని డీ1 నుంచే తీస్తారు: గుర్తులు వదిలేసిన డీ1 విలువల మీడియన్‌ని 0.6745తో భాగిస్తారు. నాయిస్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానంగా ఉంటేనే ఇది చెల్లుతుంది. ప్రాజెక్టుల్లో అందరూ వాడే ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ డేటాబేస్ రికార్డులు 360 హెర్ట్జ్‌వే, కానీ డిజిటల్‌గా మార్చకముందే వాటిని 0.1–100 హెర్ట్జ్ ఫిల్టర్ గుండా పంపారు. అంటే డీ1లో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఖాళీ గదిలో చెవి పెట్టి బజారులో గోల ఎంతో చెప్పినట్టుంటుంది. σ చిన్నదైపోతుంది, దాంతో థ్రెషోల్డ్ కూడా. 60 హెర్ట్జ్ కరెంటు హమ్ (అమెరికా రికార్డులు కదా, మనకైతే 50) డీ2లో హాయిగా కూర్చుంటుంది.

ఎవరో 250 హెర్ట్జ్ రికార్డుని 1000కి పెంచి ఇచ్చినా ఇదే కథ. అప్పుడు డీ1తో పాటు డీ2 కూడా ఖాళీయే. ఫైల్ పేరులో ఈ సంగతి ఎవరూ రాయరు.

పరిష్కారం: ఒక్కో లెవెల్‌కి విడిగా σ ప్రింట్ చేయండి. తెల్ల నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానంగా ఉండేది) అయితే డీ1, డీ2 విలువలు దగ్గర దగ్గరగా ఉండాలి. డీ1 మరీ తక్కువగా ఉంటే దొంగ దొరికినట్టే. రేటు పెంచిన ఫైలైతే వెనక్కి దించండి. లేదంటే ఏ లెవెల్ థ్రెషోల్డ్ ఆ లెవెల్ σతో పెట్టండి, కానీ డీ3 దాటి కిందికి పోవద్దు. డీ4, డీ5లో ఉన్నది ఎక్కువగా క్యూఆర్ఎస్సే (గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే పదునైన అల), అక్కడ కోస్తే దాని మధ్యలోని ఆర్ శిఖరం కుంగిపోతుంది. హమ్‌కి ముందే నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసేది) పెట్టేయండి.

తక్కినవి: రికార్డు చివర్లలో మాత్రమే ముల్లులా లేస్తే అది అంచుల సమస్య, ప్యాడింగ్ మోడ్ (అంచుల అవతలికి సిగ్నల్‌ని ఎలా పొడిగించాలో చెప్పేది) మార్చండి. పొడవు ఒక శాంపిల్ ఎక్కువ వస్తే చివరిది కోసేయండి. లైబ్రరీలో బగ్ ఉందేమో అంటారా? దాదాపు ఎప్పుడూ ఉండదు.