ఫోర్కు నుంచి వచ్చిన పుల్ రిక్వెస్టును దిద్ది, సరైన చోటికే పంపడం ఎలా?

మన ప్రాజెక్టుకు కొత్తవారెవరో పుల్ రిక్వెస్టు పంపుతారు: ప్రాజెక్టును తమ ఖాతాలోకి నకలు తీసుకుని (అదే ఫోర్కు), అందులో చేసిన మార్పులను కలుపుకోమని అడుగుతారు. పని బాగానే ఉంటుంది, కాకపోతే ఒక టెస్టు తప్పుతుంది, ఎక్కడో కామా పడదు. దానికోసం మూడు రోజులు వ్యాఖ్యలు రాసుకుంటూ కూర్చునే బదులు ఆ కామా మనమే పెట్టి, వాళ్ల బ్రాంచిలోకే, అంటే ఫోర్కులో ఆ మార్పులున్న శాఖలోకే, పంపేయవచ్చు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లోనే ప్రాజెక్టును కంగాళీ చేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

కావలసినవి మార్పుల చరిత్రను దాచే గిట్, కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్ వారి కమాండ్‌లైన్ పరికరం జీహెచ్, ప్రాజెక్టులో రాసే హక్కు. ఆదేశాలను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే, ‘హెడ్’ ఒక్కటి మాత్రం పెద్ద అక్షరాల్లో.

పుల్ రిక్వెస్టు పంపినవారికి ఆ పేజీలో కుడివైపు, మెయింటెయినర్లు (ప్రాజెక్టును చూసుకునేవారు) మార్పులు చేయవచ్చునన్న గడి ఉంటుంది. ముందు అందులో టిక్కు ఉందో లేదో వాళ్లను అడిగి తెలుసుకోండి. లేకపోతే మీరు దిద్దినది వాళ్ల బ్రాంచికి చేరదు. టిక్కు పెట్టమని అడగడమే దారి. ఫోర్కు ఒక వ్యక్తిది కాక సంస్థ ఖాతాలో ఉంటే ఆ గడే కనిపించదు. ఇది తెలియక అరగంట తల పట్టుకునేవారున్నారు.

తర్వాత ‘జీహెచ్ పీఆర్ చెకౌట్ 412’. అంకె మీ పుల్ రిక్వెస్టుది. బ్రాంచి మీ కంప్యూటర్‌లోకి వస్తుంది. దిద్దండి, టెస్టులు నడపండి, కమిట్ చేయండి, అంటే మార్పును గిట్ చరిత్రలో నమోదు చేయండి. ఇంతవరకు ఎవరికైనా వచ్చిన పనే.

ఇక పుష్, అంటే ఆ కమిట్‌ను ఫోర్కుకు పంపడం. ఇక్కడ నెమ్మదించండి.

కొత్తగా వచ్చినవారు చాలాసార్లు వేరే బ్రాంచి తీయరు, తమ ఫోర్కులోని ప్రధాన బ్రాంచి మెయిన్‌లోనే పని చేసి పంపేస్తారు. మీ దగ్గరా మెయిన్ ఉంది కాబట్టి, రెండూ కలిసిపోకుండా జీహెచ్ ఆ బ్రాంచికి ‘వాళ్ల యూజర్‌నేమ్/మెయిన్’ అని పేరు పెడుతుంది. మంచి ఆలోచనే. కానీ మీరు ‘గిట్ పుష్’ అనగానే గిట్ మొరాయిస్తుంది: ఇక్కడి పేరు, అక్కడి పేరు ఒకటి కావు అంటుంది. 2014లో వచ్చిన గిట్ 2.0 నుంచి మామూలు పద్ధతి ఇదే. పైగా రెండు సలహాలు చూపిస్తుంది. మొదటిది సరైనది, చివర ‘హెడ్:మెయిన్’ (ఇక్కడ మీరున్న కమిట్‌ను అక్కడి మెయిన్‌లోకి) అని ఉంటుంది. రెండోదాన్ని నమ్మితే వాళ్ల ఫోర్కులో అదే వింత పేరుతో కొత్త బ్రాంచి పుడుతుంది, పుల్ రిక్వెస్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అసలు ప్రమాదం ఇంకొకటి. కొందరు అంతా చదవకుండా, అలవాటు కొద్దీ ‘గిట్ పుష్ ఆరిజిన్ హెడ్:మెయిన్’ అని కొడతారు. ఆరిజిన్ అంటే ఎవరిది? మన ప్రాజెక్టుది! మెయిన్‌కు రక్షణ పెట్టని చోట నేను ఒకసారి అదే చేశాను. సమీక్ష పూర్తికాని మార్పులన్నీ నేరుగా మెయిన్‌లోకి వెళ్లి కూర్చున్నాయి. ఎవరూ మెర్జ్ (కలిపే) బటన్ నొక్కకుండానే పుల్ రిక్వెస్టు ఊదారంగులోకి మారి ‘మెర్జ్ అయింది’ అని చూపించింది.

అందుకే ఊహకు చోటివ్వకండి. వాళ్ల ఫోర్కుకు మీరే ఒక పేరు పెట్టుకోండి. నేను ‘అతిథి’ అని పెడతాను: ‘గిట్ రిమోట్ యాడ్ అతిథి’, పక్కన ఫోర్కు చిరునామా. ఆపైన, అక్కడి తాజా స్థితిని తెచ్చుకోవడానికి ‘గిట్ ఫెచ్ అతిథి’. జీహెచ్ అన్నీ తనే చూసుకుంటుంది కదా, ఇదంతా చాదస్తం అంటారు కొందరు. చిరునామా నా కళ్లకు కనిపించని చోటికి నేను కోడ్ పంపను, మీరూ పంపకూడదు.

ఇప్పుడు ఉత్తుత్తి పుష్: ‘గిట్ పుష్ --డ్రై-రన్ అతిథి హెడ్:మెయిన్’. బ్రాంచి పేరు వేరైతే మెయిన్ బదులు అది. వచ్చిన జవాబులో రెండు చూడండి. మొదటి వరుసలోని చిరునామాలో వాళ్ల యూజర్‌నేమ్ ఉండాలి. కింది వరుసలో పాత కమిట్, కొత్త కమిట్ సంఖ్యలు రెండు చుక్కలతో కలిసి ఉండాలి. ‘న్యూ బ్రాంచ్’ అని కనిపిస్తే ఆగిపోండి, పేరు తప్పింది. రెండూ సరిగ్గా ఉంటే ‘--డ్రై-రన్’ తీసేసి మళ్లీ కొట్టండి.

పుష్ తిరస్కరించారా? మీరు దిద్దుతుండగా వాళ్లూ ఏదో కమిట్ చేసి ఉంటారు. ఫెచ్ చేసి, కలుపుకొని, మళ్లీ పంపండి. ఫోర్స్ (అక్కడున్నదాన్ని తోసేసే బలవంతపు పుష్) జోలికి మాత్రం పోవద్దు. మీరు చూడని కమిట్ అక్కడుంటే ఆపేసే ‘--ఫోర్స్-విత్-లీజ్’ ఉందిగా అంటారు. మీ ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తుంటే, మీరు చూడని కమిట్‌ను కూడా చూసినట్టే లెక్కవేసి ఆ లీజు దాన్ని చెరిపేయనిస్తుంది. ఎదుటివారి బ్రాంచిలో చరిత్ర తిరగరాయకూడదు. వాళ్ల కమిట్‌ల పైన మీదొక కమిట్, అంతే. కమిట్‌లు ఎక్కువయ్యాయనిపిస్తే మెర్జ్ చేసేటప్పుడు అన్నిటినీ ఒకటిగా కుదించవచ్చు.

పేజీ తెరిచి, వాళ్ల కమిట్‌ల కింద మీ పేరుతో ఒకటి చేరిందో లేదో చూసుకోండి. చేరితే ‘గిట్ రిమోట్ రిమూవ్ అతిథి’ కొట్టి, ఏం మార్చారో వాళ్లకు ఒక వాక్యం రాయండి. వాళ్ల కంప్యూటర్‌లో ఆ కమిట్ ఇంకా లేదు కాబట్టి, మళ్లీ పని మొదలుపెట్టేముందు పుల్ చేసుకోమనీ చెప్పండి.