కోత తర్వాత పొలం, 3వ పాఠం: రాలిన గింజను తొందరపడి పూడ్చొద్దు

వరిలో కలుపుగా పెరిగే ఊద గడ్డి గింజ చాలావరకు వరి కంటే ముందే పండి రాలిపోతుందని పోయిన పాఠంలో చూశాం. కోత మిషన్ దిగేసరికే అది నేల మీద పరుచుకుని ఉంటుంది. మరి దాన్ని ఏం చేయాలి?

చాలామంది కోత అయిన వారానికే రోటవేటర్ (మట్టిని తిరగేసి కలిపే యంత్రం) వేసేస్తారు. పొలం శుభ్రంగా కనబడుతుంది, మనసుకి హాయిగా ఉంటుంది. నా దృష్టిలో ఖాళీ కాలంలో చేసే పెద్ద తప్పు ఇదే. ఒకసారి కొయ్యకాళ్ల మధ్య కూర్చుని గడ్డి పక్కకి తప్పించి చూడండి. చీమలు వరుసకట్టి గింజలు మోసుకుపోతుంటాయి. పిట్టలు, ఎలుకలు కూడా అదే పనిలో ఉంటాయి. మిగిలిన గింజ తడుస్తూ, ఆరుతూ కొంత కుళ్లిపోతుంది. అదే గింజను అరడుగు లోతున పూడ్చేస్తే చీమకు అందదు, వెలుతురు తగలదు, మొలవదు. అలా నిద్రపోతూ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఎప్పుడో ఒక దుక్కిలో పైకొచ్చి మొలుస్తుంది.

అందుకే కొన్ని వారాలు నేలను కదపకండి. తర్వాత తొలి వాన పడ్డాక, లేదా ఒక తడి పెట్టి, మొలకలు రానివ్వండి. రెండు మూడు ఆకుల దశలో పైపైన, అయిదు సెంటీమీటర్లకు మించకుండా దున్ని చంపండి. లోతుకు వెళ్తే పాత గింజ పైకొస్తుంది, చేసిన పనంతా వృథా. వీలుంటే ఇంకో తడి, ఇంకో విడత.

తుంగ దుంపలు, గరిక ఉన్న మడి సంగతి వేరు. అక్కడ మండే ఎండల్లో లోతుగా దున్ని దుంపల్ని, వేళ్లని పైకి తెచ్చి ఎండబెట్టడమే మంచిది. కలుపు వరి (వరిలాగే ఉండి కలుపుగా మొలిచే మొక్క) బెడద ఉండి నీళ్లకు కొదవ లేకపోతే, ఖాళీ కాలంలో నీరు నిలబెట్టినా గింజ కొంత కుళ్లుతుంది, బాతులు కొంత తింటాయి.

ఇక ఈసారి అభ్యాసం: మట్టిలో ఏ లోతున ఎంత కలుపు గింజ ఉందో చూడటం. మడిలో అయిదారు చోట్ల, గట్టు వారన కూడా, మట్టి తీయండి. పై అయిదు సెంటీమీటర్లది ఒక ట్రేలో, పది నుంచి పదిహేను సెంటీమీటర్ల లోతుది ఇంకో ట్రేలో పలచగా పరచి తడిగా ఉంచండి. మూడు ఆకులు వచ్చాక ఒక్కో మొక్కను పట్టుకుని, ఆకు కాండాన్ని కలిసేచోట మెల్లగా వెనక్కి వంచి చూడండి. వరికి అక్కడ నాలుకలాంటి సన్నని తెల్లపొర ఉంటుంది. ఊదకు ఉండదు, నున్నగా ఉంటుంది. కలుపు వరికి మాత్రం ఈ గుర్తు పనిచేయదు, అదీ వరి జాతే కదా.

లెక్కపెట్టి పీకేయండి. మట్టి ఆరనిచ్చి, కలియబెట్టి, మళ్లీ తడపండి. కొత్తగా రాలిన గింజ చాలావరకు నిద్రలోనే ఉంటుంది కాబట్టి మొదటి విడతలో తక్కువ మొలిచాయని ధీమా పడొద్దు. రెండు ట్రేల లెక్కా విడివిడిగా రాసి ఉంచండి. దమ్ము (నాట్లకు ముందు నీళ్లు పెట్టి దున్నడం) ఎప్పుడు, ఎంత లోతున పట్టాలో వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే చూద్దాం.