కోత మిషను గట్టు దిగకముందే చూసుకోవలసినవి

కార్తీకం వెళ్లేసరికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి చేలన్నీ ఒక్కసారే పండుతాయి. ఒక కాలువ కింద నాట్లన్నీ పది పదిహేను రోజుల్లో పడతాయి కనుక కోతలూ అలాగే కలిసి వస్తాయి. ఆ కొద్ది రోజుల్లోనే అందరికీ మిషను కావాలి. కొడవలి పట్టే చేతులు చాలావరకు విశాఖపట్నానికో హైదరాబాదుకో చెన్నైకో వలస పోయాయి. ఈ ఏడాది మీ పొలంలోకి రాబోయే మిషను గురించి ఇప్పుడే, చేను ఇంకా పచ్చగా ఉండగానే, ఆలోచించండి. పంట పసుపు తిరిగాక ఆలోచించే తీరిక ఉండదు.

నాకు ఇది ఒక రాత్రి నేర్పింది. మూడేళ్ల కిందట డిసెంబరులో, సంతకవిటి వైపు మా మూడెకరాల్లో రెండెకరాలు కోసి మిషను ఆగిపోయింది. సాయంత్రం నాలుగు దాటింది. లోపల బెల్టు తెగింది. ట్యాంకులో ఏడెనిమిది బస్తాల ధాన్యం ఉంది. దాన్ని బయటకు తోసే గొట్టం కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి దించడానికి దారి లేదు. ఆపరేటర్ ఫోను మీద ఫోను చేశాడు. రాజాంలో ఆ కొలత బెల్టు దొరకలేదు. విజయనగరంలో ఉందట, కానీ దుకాణం మూసే వేళయింది. రాత్రి తొమ్మిదికి మా పెదనాన్న టార్చిలైటుతో వచ్చి, ట్యాంకులో మోచేతి దాకా చేయి పెట్టి, "ఒరే, గింజ వెచ్చబడుతోంది. తెల్లారేదాకా ఉంచితే ముక్కిపోతుంది" అన్నాడు. నేనూ చేయి పెట్టాను. పైన చల్లగానే ఉంది. లోపలికి పోయేకొద్దీ గోరువెచ్చన. ఇంజన్ తాళం తీయించి, బకెట్లతో తోడి, పరదా మీద పలచగా పరిచేసరికి పన్నెండయింది. తెల్లవారుజామున జల్లు పడింది. మిగిలిన ఎకరం రెండు రోజులు అలాగే నిలబడిపోయింది.

ఆ మిషను పాతది కాదు, రెండు సీజన్లు తిరిగినదే. కంపెనీ పేరు అడిగాను, బాడుగ అడిగాను, ఎప్పుడొస్తుందో అడిగాను. పనిముట్ల పెట్టెలో అదనపు బెల్టు ఉందా అని మాత్రం అడగలేదు. మిషను ఎంత కొత్తదైనా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగితే ఎంతసేపట్లో లేస్తుందన్నదే మనం నమ్మవలసిన లెక్క.

మాట్లాడుకునేటప్పుడు

గోదావరి జిల్లాల నుంచి, తమిళనాడు నుంచి లారీల మీద మిషన్లు వస్తాయి. మధ్యలో దళారి ఉంటాడు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ మిషను ఆగినప్పుడు గట్టు మీద ఉండేది మీరూ ఆపరేటరూ మాత్రమే. అందుకని ఆ మిషను అంతకుముందు ఏ ఊళ్లో కోసిందో కనుక్కుని అక్కడి రైతుకు ఫోను చేయండి. ఎన్నిసార్లు ఆగింది, ఆగినప్పుడు ఎంతసేపు పట్టింది, వెనక గడ్డిలో గింజ కనిపించిందా? ఈ మూడూ అడిగితే చాలు. ఆ పొలంలో నడిపిన ఆపరేటరే మన దగ్గరికీ వస్తాడా అన్నది కూడా తెలుసుకోండి. మిషను అదే ఉండి మనిషి మారితే పని మారిపోతుంది.

బాడుగ గంటలకైతే ఏది గంటలోకి వస్తుందో ముందే తేల్చుకోవాలి. ఒక మడి నుంచి ఇంకో మడికి నడిచిన సమయం, బురదలో దిగబడిన సమయం, రిపేరు సమయం ఎవరి ఖాతాలోకి పోతాయి? డీజిలు ఎవరిది? మా ఊళ్లో జరిగిన తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. మిషను దిగే ముందు గంటల మీటరును, పైకెక్కాక మళ్లీ అదే మీటరును ఫోనులో ఫొటో తీసుకోండి. ఒప్పుకున్నది ఒక కాగితం మీద రాసుకుంటే ఎవరికీ కష్టం ఉండదు. మర్యాదస్థుడైన యజమాని దీనికి నొచ్చుకోడు.

రెండో మిషను నంబరు కూడా దగ్గర ఉంచుకోండి. ఇరుగుపొరుగు నలుగురు కలిసి, ఒకరి మిషను ఆగితే మరొకరి మిషను వరుసలో ఎప్పుడు దొరుకుతుందో ముందే మాట్లాడుకున్న చోట తగాదాలు తక్కువ, నష్టమూ తక్కువ.

మిషను వచ్చిన ఉదయం

మంచు ఆరేదాకా, అంటే ఇంచుమించు తొమ్మిది పది గంటల దాకా, కోత మొదలుపెట్టకూడదు. తడి చేను గింజను నూర్చే డ్రమ్ములో చుట్టుకుంటుంది, గింజ సరిగా రాలదు. ఆ ఖాళీ సమయంలో ఆపరేటర్ ఏం చేస్తున్నాడో చూడండి. రేడియేటర్ జల్లెడకు పట్టిన పొట్టు దులుపుతున్నాడా, గ్రీజు పెడుతున్నాడా, కోత బ్లేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూస్తున్నాడా? అయితే సాయంత్రం దాకా నిశ్చింతగా ఉండవచ్చు. ఎండెక్కాక ఇంజన్ వేడెక్కి ఆగే మిషన్లలో చాలావాటికి జబ్బు ఇంజన్‌లో ఉండదు, ఆ జల్లెడ మూసుకుపోవడంలో ఉంటుంది.

పెట్టె తెరిపించి చూడండి. ముఖ్యమైన బెల్టులకు ఒక్కో జత, కొన్ని బ్లేళ్లు, వాటి రివెట్లు, రెండు మూడు బేరింగులు, ఒక హైడ్రాలిక్ పైపు, డీజిల్ ఫిల్టరు ఉండాలి. వేలితో నొక్కితే పగుళ్లు కనిపించే బెల్టును కోతకు ముందే మార్చమని అడగడంలో తప్పు లేదు. టైర్లకు బదులు రబ్బరు పట్టాల మీద నడిచే చైను మిషను అయితే పట్టా పళ్లు ఎంత అరిగాయో చూడాలి. అరిగిన పట్టా మెత్తటి నేలలో జారుతుంది.

టైరు మిషనా, చైను మిషనా అన్నది నేలను బట్టి ఉంటుంది. పెద్ద మడి, గట్టి నేల, దారి బాగుంటే టైరు మిషను తొందరగా కోస్తుంది. తేమ ఆరని పల్లపు చేలల్లో అది దిగబడి, లాగడానికి ట్రాక్టరు తెచ్చి, గాళ్లు పడ్డ మడిని మళ్లీ చదును చేయించేసరికి మిగిలింది కాస్తా పోతుంది. అక్కడ చైనుదే నయం, బాడుగ ఎక్కువైనా సరే.

మన వైపు పని

కోతకు పది రోజుల ముందు నీరు తీసేయాలి. ఈ మాట అందరూ చెబుతారు. మన దగ్గర దీనికో చిక్కుంది. వరి తర్వాత మినుమో పెసరో చల్లుకునేవాళ్లం, ఆ గింజ మొలవడానికి తేమ కావాలి. కొడవలి కోతైతే రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ వరిలో చల్లేస్తాం. మిషను దిగే చేలో అలా చల్లితే మొలక పట్టాల కింద నలిగిపోతుంది, నలగనిదాన్ని గడ్డి వరుస కప్పేస్తుంది. కాబట్టి మిషను కోత అనుకున్నాక అపరాలు కోత తర్వాతే వేయండి. గడ్డిని ఆ రోజే, మరీ కాకపోతే మర్నాడే, గట్టుకు చేర్చండి. ఆలస్యమైన ప్రతి రోజూ నేల తేమ పోతూనే ఉంటుంది.

మూలలు, గట్ల వెంట రెండు బారలు కొడవలితో కోసి ఉంచండి. మిషను తిరగడానికి చోటు ఉంటుంది, బ్లేడు గట్టుకు తగలదు. పొలంలో రాయి, పాత కంచె తీగ, బోరు పైపు, పూడిన బావి ఎక్కడ ఉన్నాయో మీకే తెలుసు, ఆపరేటర్‌కు తెలియదు. అక్కడ కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టండి.

మొదటి చుట్టు తర్వాత ఆపించండి

ఇది ఎవరూ చేయరు, అందరూ చేయవలసింది. మొదటి చుట్టు కోశాక మిషను ఆపించి వెనక నేల మీద కూర్చోండి. నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గుర్తు పెట్టి అందులో పడ్డ గింజలు లెక్కించండి. గడ్డి వరుసలో ఒకచోట, దానికి అటూ ఇటూ ఒక్కోచోట లెక్కించి సగటు తీయండి. కోయని చేలో ముందే రాలిన గింజలను కూడా అలాగే లెక్కించి, ఆ సగటులోంచి తీసేయండి. వెయ్యి గింజలు రకాన్ని బట్టి 15 నుంచి 25 గ్రాములు తూగుతాయి. ఇరవై అనుకుంటే, చదరపు మీటరుకు వెయ్యి గింజలు రాలితే ఎకరాకు 80 కిలోలు, అంటే మన నిండు బస్తా. 2025–26 ఖరీఫ్ సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఆ లెక్కన ఎకరాకు 1,895 రూపాయలు నేల మీద ఉన్నట్టు. రెండు వందల గింజలైతే 16 కిలోలు.

గింజ ఎక్కువగా కనిపిస్తే ఎలా పడిందో చూడండి. విడి గింజలు గడ్డిలో ఉంటే మిషను లోపల పొట్టును ఎగరగొట్టే ఫ్యాను గాలి ఎక్కువైంది, లేదా మిషను మరీ వేగంగా పోతోంది. కంకికే అంటుకుని ఉంటే డ్రమ్ము సరిగా నూర్చడం లేదు, లేదా చేను ఇంకా తడిగా ఉంది. ట్యాంకులో నూకలు, పగిలిన గింజలు కనిపిస్తే డ్రమ్ము వేగం తగ్గించాలి. పొట్టు ఎక్కువగా వస్తే గాలి పెంచాలి. ఆపరేటర్‌ను తప్పు పట్టినట్టు కాకుండా, రాలిన గింజ అరచేతిలో పెట్టి చూపించి, "బాబూ, ఇది చూడు" అంటే చాలు. గంటలు పెరగకూడదని తొందరపెట్టేది చాలాసార్లు మనమే. వేగం ఒక గేరు తగ్గిస్తే అయ్యే అదనపు బాడుగ కన్నా నేల మీద పోయే ధాన్యం విలువ ఎక్కువ.

తుపాను పడేసిన చేను

మనది తుపాను తోవ. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. పడిపోయిన చేలో మిషను ఒక్కవైపు నుంచే కోయాలి, వాలిన దిక్కుకు ఎదురుగా. తిరిగి ఖాళీగా వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. సమయం ఎక్కువ పడుతుంది, గంటల బాడుగ పెరుగుతుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. సాంబ మసూరి వంటి పడిపోయే గుణమున్న రకం వేసినవాళ్లు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. నీట తడిసిన కంకి మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. మిషను కోసం ఎదురుచూస్తూ ఈ పని వాయిదా వేయకండి.

ప్రాణం సంగతి

పొలం మీదుగా వెళ్లే కరెంటు తీగలు వర్షాలకు స్తంభాలు వాలి కిందికి జారి ఉంటాయి. వాటిని కోతకు వారం ముందే చూసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి చెప్పండి. ధాన్యం దించే గొట్టాన్ని తీగల కింద తెరవనివ్వకండి. మిషను తీగకు తగిలితే ఆపరేటర్ సీటులోనే ఉండాలి, కింద ఉన్నవాళ్లు దూరంగా పోవాలి. మంట వచ్చి దిగక తప్పకపోతే మిషనునూ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి.

చుట్టుకున్న గడ్డిని ఇంజన్ నడుస్తుండగా చేత్తో లాగడం చాలామంది చేస్తారు. ఒక్క క్షణంలో చేయి పోతుంది. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే ముట్టుకోవాలి. ట్యాంకులోకి దిగేటప్పుడూ ఇదే నియమం. పిల్లలను గట్టు దగ్గరికి రానివ్వకండి. గడ్డి వరుసల్లో పడుకునేవాళ్లను లేపండి. పొగ గొట్టం చుట్టూ పేరుకున్న పొట్టు అంటుకుంటుంది కనుక నీళ్ల డబ్బాలు గట్టు మీద సిద్ధంగా ఉండాలి.

ధాన్యం దిగాక

కొడవలి కోతలో పనలు చేలో ఆరి, కుప్పలో ఆరి కళ్లానికి వచ్చేవి. మిషను ధాన్యం ఆరకుండానే చేతికి వస్తుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటకూడదు. 22 శాతంతో వచ్చిన 100 కిలోలు 17కు ఆరేసరికి 94 కిలోలవుతాయి. ఆ ఆరు కిలోలు నీరే, ఎవరూ కాజేసింది కాదు. కోతకు ముందే పరదాలు, కళ్లం చోటు చూసుకోండి. ధాన్యాన్ని బస్తాల్లో ఒక్క రాత్రి కూడా ఉంచకండి. రెండు అంగుళాల మందాన పరిచి గంట గంటకూ కాళ్లతో తిరగేయండి. రోడ్డు మీద ఆరబోస్తే రాత్రిపూట బండి మీద వచ్చేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని చేయకండి.

విత్తనం దాచుకునేవాళ్లు మిషను ధాన్యాన్ని నమ్మవద్దు. నిన్న కోసిన చేనిలోని వేరే రకం గింజ, ఊద కలుపు గింజ ఎంత దులిపినా లోపల ఎక్కడో మిగిలి మన మొదటి ట్యాంకులో కలుస్తుంది. డ్రమ్ము దెబ్బకు పగిలిన గింజ మొలవదు. మూడెకరాల నాటుకు విత్తనం కావాలంటే ఐదు సెంట్ల చేను చాలు. మా గట్టు పక్కన శ్రీకాకుళం సన్నాలు వేసిన ఆ ఐదు సెంట్లకు నాలుగు మూలలా కర్రలు పాతి తాడు కట్టాం. మిషను దాని పక్కనుంచి తిరిగి వెళుతుంది. లోపల కోత అమ్మది, ఆమె కొడవలిది.