లేటెక్‌లో ఇంగ్లిష్ ఫాంటు: అక్షరం మారినా, సందు పెరిగినా ఎక్కడ వెతకాలి

పుస్తకాలకీ థీసిస్‌లకీ పేజీలు కట్టే లేటెక్‌లోకి కొత్త ఫాంటు ఎక్కించాక పేజీ సరిగా రాకపోతే చాలామంది ముందు ఫాంటునే అనుమానిస్తారు. తప్పు ఎక్కువగా దానిది కాదు. లేటెక్ వెనక ఉన్న టెక్ అనే ప్రోగ్రాము పేజీ కట్టేటప్పుడు అక్షరం బొమ్మ వైపు చూడనే చూడదు. టీఎఫ్ఎం అనే కొలతల ఫైల్లో ఉన్న వెడల్పు, ఎత్తు, గీత కింద దిగే లోతు, పక్కపక్క అక్షరాల మధ్య సర్దుబాటు, ఈ అంకెలే దానికి తెలుసు. బొమ్మ చివర్లో, పీడీఎఫ్ తయారయ్యేటప్పుడు, వేరే ఫైలు నుంచి వస్తుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు ఒకటి తేల్చుకోండి: తేడా కొలతల్లో ఉందా, బొమ్మలో ఉందా? అక్షరాలు సరిగానే ఉండి సందులు చెడితే కొలతల్లో. సందులు బాగుండి అక్షరమే మారిపోతే బొమ్మ తెచ్చే దారిలో.

సమస్య: టీఎఫ్ఎం దొరకలేదని ఆగిపోతోంది

ఇది తేలిక. ఫైలు టెక్ వెతికే ఫోల్డర్లో లేదు, లేదా ఉన్నా జాబితాలోకి ఎక్కలేదు. సరైన ఫోల్డర్లో పెట్టి, ఆ జాబితాను తాజా చేసే ఎంకేటెక్‌ఎల్‌ఎస్‌ఆర్ నడపండి. తరవాత ఫైళ్లు వెతికే కమాండ్ కేపీఎస్‌ఈవిచ్‌కి ఫైలు పేరిచ్చి అడిగితే అది ఎక్కడుందో చూపించాలి. ఏమీ చూపించకపోతే పేరులో స్పెల్లింగ్ చూసుకోండి.

సమస్య: "ఆఫీస్" అని ఇంగ్లిష్‌లో కొడితే మధ్యలో ఏదో బాణం మొన లాంటిది పడుతోంది

మిగతా పేజీ అంతా శుభ్రంగా ఉంటుంది కాబట్టి ప్రూఫ్‌లో ఇది తప్పించుకుంటుంది. ఏ గడిలో ఏ అక్షరమో చెప్పే పట్టికే ఎన్‌కోడింగ్; ఓటీ1 పాతది, టీ1 తరవాతది. రెండు ఎఫ్‌లూ ఒక ఐ కలిసిన జంటాక్షరానికి పాత ఓటీ1 ఎన్‌కోడింగ్‌లో 14వ గడి. టీ1లో అదే 14వ గడిలో ఫ్రెంచ్ వాళ్లు వాడే ఒంటి కొటేషన్ గుర్తు ఉంటుంది. టీఎఫ్ఎం ఓటీ1 లెక్కన తయారై, ఏ ఫాంటుకు బొమ్మలు ఏ ఫైలు నుంచి తేవాలో చెప్పే మ్యాప్ ఫైల్లో టీ1 ఎన్‌కోడింగ్ రాసి ఉంటే టెక్ 14 అంటుంది, పీడీఎఫ్ ఆ గుర్తును తెచ్చి పెడుతుంది. ఏ నుంచి జెడ్ దాకా మామూలు అక్షరాలకు రెండింట్లోనూ అవే గడులు, అందుకే అవి చెడవు.

కొలతలు తీసేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్ ఫైలు వాడారో, మ్యాప్ లైన్లో అదే ఫైలు పేరు ఉండాలి. పోలికగా ఉన్న ఇంకొకటి కుదరదు.

సమస్య: పెద్ద అక్షరాల హెడ్డింగుల్లో సందులు వికారంగా ఉన్నాయి

ఆంధ్రా యూనివర్సిటీ థీసిస్‌లకీ, ఊళ్లో వేసే సావనీర్లకీ అట్ట మీద పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు తప్పవు కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. పరీక్షకు మన విశాఖలోనే మంచి మాట ఉంది: వాల్తేరును ఇంగ్లిష్‌లో, అన్నీ పెద్ద అక్షరాల్లో కొట్టండి. డబ్ల్యూ-ఏ, ఎల్-టీ, టీ-ఏ, మూడు కష్టమైన జతలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

టైమ్స్ రోమన్ ఏఎఫ్ఎం ఫైలు (ఫాంటు కొలతలు టెక్స్ట్‌గా ఉండే ఫైలు) తెరిస్తే పెద్ద ఏ దగ్గర కోడ్ 65, వెడల్పు 722, చుట్టూ పెట్టె 15, 0, 706, 674 అని ఉంటుంది. ఇవన్నీ ఫాంటు సైజును 1000 భాగాలు చేసిన లెక్క. డబ్ల్యూ వెడల్పు 944. రెండూ పక్కపక్కన పెడితే 1666 రావాలి, కానీ ఆ జతకు మైనస్ 120 అని కెర్నింగ్ (జతల మధ్య సర్దుబాటు) రాసి ఉంటుంది కాబట్టి 1546కి దగ్గరవుతాయి. 12 పాయింట్లలో అది అర మిల్లీమీటరు. అట్ట మీద 36 పాయింట్లలో ఒకటిన్నర మిల్లీమీటరు, ఎవరి కంటికైనా పడుతుంది.

ఆ దగ్గరవడం జరగడం లేదంటే మీ టీఎఫ్ఎంలోకి కెర్నింగ్ రాలేదన్నమాట. ఈ రోజుల్లో వచ్చే ఓపెన్‌టైప్ ఫాంట్లు కెర్నింగ్‌ను జీపాస్ అనే పట్టికలో దాచుకుంటాయి. పాత కన్వర్టర్లు దాన్ని చదవవు, చదవలేదని చెప్పవు కూడా. టీఎఫ్‌టుపీఎల్‌తో టీఎఫ్ఎంను టెక్స్ట్‌గా మార్చి కేఆర్ఎన్ లైన్లు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఓటీఎఫ్‌టుటీఎఫ్ఎం వాడి, కెర్న్, లిగా (జంటాక్షరాలు కలిపేది) ఫీచర్లు రెండూ ఆన్ చేసి మళ్లీ తీయండి. చేత్తో సందులు తగ్గించుకుంటూ కూర్చోవద్దు. ఒక హెడ్డింగ్ బాగుపడుతుంది, మిగతా పుస్తకం అలాగే ఉండిపోతుంది.

సమస్య: "ఎట్ 600 నాట్ ఫౌండ్" అంటోంది, లేదా జూమ్ చేస్తే అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి

రెండింటికీ మూలం ఒకటే. మ్యాప్ లైను లేకపోతే పీడీఎఫ్‌టెక్ చుక్కలతో కట్టిన బిట్‌మ్యాప్ బొమ్మల కోసం వెతుకుతుంది. కొన్న ఫాంటుకు అవి ఉండవు కాబట్టి ఆగిపోతుంది. టెక్ సొంత ఫాంట్లయిన కంప్యూటర్ మోడర్న్ కుటుంబానికి తయారుచేసుకోగలదు కాబట్టి మెట్లుమెట్లుగా వస్తుంది. మొదటిదానికి మ్యాప్ ఫైలును అప్‌డీమ్యాప్‌తో నమోదు చేయండి. సిస్టమ్ మొత్తానికి ఒకసారి, యూజర్‌కి ఒకసారి అని కలిపి నడిపితే తరవాత చేసే సిస్టమ్ అప్‌డేట్లు మీ అకౌంట్‌కి అందవు, కాబట్టి ఏదో ఒక్కదానికే కట్టుబడండి. రెండోదానికి అదే పోలికున్న లాటిన్ మోడర్న్ ఫాంటు పెట్టుకుంటే చాలు.

ప్రెస్సుకి ఇచ్చే ముందు, పీడీఎఫ్‌లోని ఫాంట్ల జాబితా చూపే పీడీఎఫ్‌ఫాంట్స్ నడిపి చూడటం అలవాటు చేసుకోండి. టైప్ 3 (ఇక్కడ బిట్‌మ్యాప్ అని అర్థం) అని కనిపించినా, ఎంబెడ్ గడిలో "నో" ఉన్నా ఫైలు బయటికి పంపొద్దు. ప్లేటు పడ్డాక చేయగలిగిందేమీ లేదు.

సమస్య: పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకట్లేదు

జంటాక్షరాలకు యూనికోడ్ జాడ లేకపోవడం వల్ల. గ్లిఫ్‌టుయూనికోడ్ ఫైలును లోడ్ చేసి, పీడీఎఫ్‌జెన్‌టుయూనికోడ్ విలువ 1 చేయండి.

సమస్య: రూపాయి గుర్తు రావట్లేదు

టీ1లో ఉన్నవి 256 గడులు. ఏ గడిలో ఏ అక్షరమో 1990లో ఐర్లండ్‌లోని కార్క్ సమావేశంలో ఖరారైంది. మన రూపాయి గుర్తును ప్రభుత్వం ఆమోదించింది 2010 జులైలో. అంటే ఫాంటులో బొమ్మ ఉన్నా టీ1 టీఎఫ్ఎంలో దానికి చోటు లేదు. ఆ ఒక్క గుర్తుకు వేరే చిన్న ఎన్‌కోడింగ్, వేరే టీఎఫ్ఎం చేసుకుని, ఒక కమాండ్ కట్టుకోండి.

తెలుగు కూడా కలిసిన పుస్తకమైతే ఇంత తంటా వద్దనే నా సలహా. లేటెక్‌లోనే కొత్త రకమైన లువాలేటెక్, అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్‌తో ఓపెన్‌టైప్ ఫాంటును నేరుగా చదువుతుంది, టీఎఫ్ఎం అక్కర్లేదు. కాకపోతే అక్కడ ఫాంటులో లేని గుర్తు చడీచప్పుడు లేకుండా మాయమై, లాగ్ ఫైల్లో ఒక లైనుగా మిగలొచ్చు. 2021 నుంచి వచ్చిన టెక్ లైవ్‌లో (టెక్ ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చే సంకలనం) ట్రేసింగ్‌లాస్ట్‌కేర్స్ విలువ 3 పెడితే అది ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ధరల పట్టిక ఉన్న ఏ ఫైలుకైనా ఆ లైను మొదటే రాసిపెట్టుకోండి.