ఫైల్ పాడైతే ముందు మ్యాటర్‌ను కాపాడండి

పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ లాంటి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైల్ తెరుచుకోవడం లేదని తెలియగానే చాలామంది దాన్నే మళ్ళీ మళ్ళీ డబుల్ క్లిక్ చేస్తుంటారు. దయచేసి ఆగండి. ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ కాపీకి ఇంకో కాపీ తీయండి. అసలుదాన్ని ఒక ఫోల్డర్‌లో పెట్టేసి ఇక ముట్టుకోవద్దు. ఏ ప్రయోగం చేసినా కాపీ మీదే చేయాలి. కాపీ అవుతుండగానే ఎర్రర్ వస్తే లోపం పెన్‌డ్రైవ్‌లోనే ఉండొచ్చు. అప్పుడు అందులో కొత్తగా ఏమీ సేవ్ చేయకండి. విండోస్ 'స్కాన్ అండ్ ఫిక్స్' అని అడిగినా వెంటనే ఒప్పుకోకండి. ముందు రికువా, ఫోటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లోపలున్నవి వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి.

నేను చెన్నై ట్రిప్లికేన్‌లో తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కట్టే పని, చేస్తాను. తెలుగు సంఘాల సావనీర్లు, వ్రతకథల పుస్తకాలు, పెళ్ళి పత్రికలు, ఇక్కడ పుట్టి పెరిగి తెలుగు నేర్చుకుంటున్న పిల్లల వర్క్‌బుక్కులు నా చేతి మీదుగా వెళ్తుంటాయి. అచ్చుకు ప్లేట్ వేసేవాళ్ళు, అచ్చు మిషన్ నడిపేవాళ్ళు దాదాపు అందరూ తమిళులు. పనిలో గట్టివాళ్ళు, కానీ తెలుగు చదవలేరు. రిపేర్ చేసిన ఫైల్లో ఒక ఒత్తు ఎగిరిపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే మిషన్ దగ్గరి మనిషైనా పట్టుకుంటాడు. ఇక్కడ అది నేరుగా అచ్చయిపోతుంది. అందుకే మామూలు రిపేర్ పద్ధతుల కంటే తెలుగు ఫైళ్ళకు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించే ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

నిజంగా పాడైందా?

సీటీపీ సెంటర్ (కంప్యూటర్ ఫైల్ నుంచి నేరుగా అచ్చు ప్లేట్ తీసే చోటు) నుంచి "అక్కా, ఎళుత్తెల్లాం మారిపోచ్చు" అని ఫోన్ వస్తే, అంటే అక్షరాలన్నీ మారిపోయాయని చెబితే, నేను ముందు స్క్రీన్ ఫొటో పంపమంటాను. ఆ ఒక్క ఫొటోతో సగం సంగతి తెలిసిపోతుంది.

తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయా? అయితే ఫైల్ క్షేమంగానే ఉంది, ఆ కంప్యూటర్‌లో ఫాంట్ లేదు. అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ తీసేస్తే కింద ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. అదే ఫాంట్, అదే వెర్షన్ వేస్తే మొత్తం తిరిగి వస్తుంది. పేరు దగ్గరగా ఉంది కదా అని వేరే వెర్షన్ ఫాంట్ వేయకండి. చాలా అక్షరాలు సరిగ్గా వచ్చి కొన్ని మాత్రమే మారితే అది కంటికి ఆనదు, ప్రమాదం అక్కడే ఉంది. పేజ్‌మేకర్‌లో ఇలాంటి ఫైల్ తెరిస్తే ఏ ఫాంట్‌కు బదులు ఏది వాడాలో అడుగుతూ ఒక పెట్టె వస్తుంది. అందులో 'టెంపరరీ' ఎంచుకోండి. 'పర్మనెంట్' నొక్కి సేవ్ చేస్తే అసలు ఏ ఫాంటో ఫైల్‌కే గుర్తుండదు.

ఖాళీ డబ్బాలు వరసగా కనిపిస్తే మ్యాటర్, అంటే పేజీల్లోని రాత, యూనికోడ్‌లో (తెలుగు అక్షరాలకు సొంత స్థానాలుండే కొత్త పద్ధతిలో) ఉంది, వేసిన ఫాంట్‌లో తెలుగు లేదు. 'అమ్మ' అనేది 'అమ్‌మ' అని విడివిడిగా కనిపిస్తే ఇన్‌డిజైన్‌లో కంపోజర్ సెట్టింగ్ తప్పు. మ్యాటర్ సెలెక్ట్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకుంటే ఒత్తులు వాటి చోటికి వచ్చేస్తాయి.

ఇంకో సంగతి కూడా చూడండి. కొత్త వెర్షన్ ఇన్‌డిజైన్‌లో చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో నేరుగా తెరుచుకోదు. ఆ మెసేజ్ చూసి ఫైల్ పోయిందని కంగారుపడేవాళ్ళున్నారు. చేసినవాళ్ళను ఐడీఎంఎల్‌గా (పాత వెర్షన్లలోనూ తెరుచుకునే ఇన్‌డిజైన్ ఫైల్ రూపం) ఎక్స్‌పోర్ట్ చేసి పంపమంటే సరిపోతుంది.

ఇవేవీ కాకపోతే ఫైల్ సైజు చూడండి. సున్నా కేబీ ఉంటే అందులో ఏమీ లేదు, దాంతో కుస్తీ పట్టి లాభం లేదు. సైజు బాగానే ఉన్నా తెరుచుకోకపోతే ఒక కాపీని హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్ లోపలి డేటాను అంకెలుగా చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. మొదటి నుంచి చివరిదాకా సున్నాలే ఉంటే లోపల డేటా లేదని అర్థం. కరెంటు పోయినప్పుడో, కాపీ పూర్తికాకుండా పెన్‌డ్రైవ్ లాగేసినప్పుడో ఇలా అవుతుంది. మంచి ఇన్‌డిజైన్ ఫైల్ అయితే మొదటి వరుసల్లోనే 'డాక్యుమెంట్' అనే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. అన్నీ సున్నాలైతే రిపేర్ ఆలోచన వదిలేసి పాత కాపీ కోసం వెతకండి. పంపిన మెయిల్, వాట్సాప్, ప్రూఫ్ కోసం తీసిన పీడీఎఫ్, క్లయింట్ కంప్యూటర్ అన్నీ చూడండి. ఫైల్ గూగుల్ డ్రైవ్‌లో ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి పాత వెర్షన్లు చూడండి. మామూలుగా 30 రోజుల వరకు ఉంచుతుంది.

పేజ్‌మేకర్

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా అను ఫాంట్లతో చేసిన పాత పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి మనకు దానితో పని తప్పదు.

ముందు ఓపెన్ డైలాగ్‌లో 'ఒరిజినల్' బదులు 'కాపీ' ఎంచుకుని తెరవండి. తెరుచుకుంటే ఇంకేమీ చేయకుండా 'సేవ్ యాజ్' తో కొత్త పేరు పెట్టండి. పేజ్‌మేకర్‌లో మామూలు సేవ్ చేస్తే కొత్త మార్పులు పాతవాటికి చివర చేరుతూ ఫైల్ ఉబ్బిపోతుంది. 'సేవ్ యాజ్' చేస్తే అక్కర్లేనివి వదిలేసి ఫైల్‌ను మళ్ళీ శుభ్రంగా రాస్తుంది. చిన్న చిన్న లోపాలు దీనితోనే పోతాయి. పని చేస్తుండగా ఏదో తేడా కొట్టిందనిపిస్తే, షిఫ్ట్ పట్టుకుని ఫైల్ మెనూలో 'రివర్ట్' నొక్కండి. పేజీ మారినప్పుడల్లా అది తనంతట తాను దాచుకునే మినీ సేవ్ దగ్గరికి వెనక్కి వెళ్తుంది.

'బ్యాడ్ హోల్ రికార్డ్ ఇండెక్స్' అనే ఎర్రర్ చూడని పేజ్‌మేకర్ ఆపరేటర్ ఉండరు. ఆ ఎర్రర్ ఒక పేజీ దగ్గరికి వెళ్ళగానే వస్తుంటే ఆ పేజీని తెరవకుండానే మ్యాటర్ తీయొచ్చు. కొత్త పబ్లికేషన్ (పేజ్‌మేకర్ ఫైల్) తెరిచి, 'ప్లేస్' నొక్కి, పాడైన ఫైల్‌నే ఎంచుకోండి. అందులో ఉన్న స్టోరీల (ఒకదాని వెంట ఒకటిగా సాగే మ్యాటర్ భాగాల) పట్టిక వస్తుంది. ఒక్కొక్కటిగా ఎంచుకుని కొత్త ఫైల్లోకి తెచ్చుకోండి. లేఅవుట్ రాదు, మ్యాటర్ వస్తుంది. లేఅవుట్ ఒక రోజులో మళ్ళీ కట్టుకోవచ్చు. నూట యాభై పేజీల పుస్తకం మళ్ళీ టైప్ చేసి, ప్రూఫులు దిద్దడం ఒక రోజులో అయ్యే పని కాదు.

ఇక్కడే తెలుగువాళ్ళు తప్పకుండా చూడాల్సిన చిన్న టిక్ ఒకటుంది. ప్లేస్ డైలాగ్‌లో 'కన్వర్ట్ కోట్స్' అని ఉంటుంది. దాన్ని తీసేయండి. అది నిలువు కోట్ గుర్తులను వంపు కోట్లుగా మారుస్తుంది. ఇంగ్లీషులో అది అందం. పాత ఫాంట్లలో ఆ కోట్ గుర్తు స్థానంలో ఏదో తెలుగు ముక్క ఉంటుంది కాబట్టి, ఆ ముక్క పుస్తకమంతటా ఇంకో ముక్కగా మారిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఉన్న 'టైపోగ్రాఫర్స్ కోట్స్' కూడా ఆపేయండి. ఇన్‌డిజైన్‌లోనూ ఇదే పేరుతో ఉంటుంది.

పేజ్‌మేకర్ అసలేమీ తెరవనంటే లిబ్రె ఆఫీస్ డ్రాలో ప్రయత్నించండి. అది ఉచితం, పేజ్‌మేకర్ ఫైళ్ళను చదవగలదు. పేజీలు అటూ ఇటూ కదిలినా మ్యాటర్ చేతికి రావచ్చు. సీఎస్6 లాంటి పాత ఇన్‌డిజైన్ కూడా పేజ్‌మేకర్ 6.0, ఆ తర్వాతి వెర్షన్ల ఫైళ్ళను నేరుగా తెరుస్తుంది. అలాంటి పాత కంప్యూటర్ మీ దగ్గరుంటే అమ్మేయకండి.

ఇన్‌డిజైన్

ఫైల్ తెరుచుకుంటుంది కానీ కొద్దిసేపటికే క్రాష్ అవుతోందా? తెరిచిన వెంటనే ఐడీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఐడీఎంఎల్ తెరిచి కొత్త పేరుతో సేవ్ చేయండి. ఇన్‌డిజైన్ ఫైల్లో పేరుకున్న చెత్త చాలావరకు ఇందులోకి రాదు. నేను ఎక్కువగా నమ్ముకునేది ఈ పద్ధతినే. తర్వాత పాత పీడీఎఫ్ పక్కన పెట్టుకుని పేజీ చివరలు చూసుకోండి, లైన్లు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు.

తెరవగానే క్రాష్ అయితే అనుమానం ముందు బొమ్మల మీదకు పోవాలి. లింక్ చేసిన ఫొటోల ఫోల్డర్ పేరు తాత్కాలికంగా మార్చండి. బొమ్మలు దొరకక 'మిస్సింగ్' అంటుంది, కానీ ఫైల్ తెరుచుకోవచ్చు. తెరుచుకుంటే ఫొటోలను ఒక్కొక్కటిగా తిరిగి లింక్ చేస్తూ పోండి. ఏది పెట్టగానే క్రాష్ అవుతుందో దొంగ అదే. ఆ ఫొటోను ఫోటోషాప్‌లో తెరిచి కొత్తగా సేవ్ చేసి వాడండి. ఫైల్ బాగానే ఉండి పీడీఎఫ్ తీసేటప్పుడే ఆగిపోతుంటే సగం సగం పేజీలకు పీడీఎఫ్ తీయండి. ఆగిపోయిన సగాన్ని మళ్ళీ సగం చేయండి. కొద్దిసేపట్లోనే లోపం ఉన్న పేజీ దొరుకుతుంది. మిగతా పేజీలను 'మూవ్ పేజెస్' తో కొత్త డాక్యుమెంట్‌లోకి పంపి, ఆ ఒక్క పేజీని మళ్ళీ కట్టండి.

కొన్నిసార్లు క్రాష్ తర్వాత ఇన్‌డిజైన్ తెరిచినప్పుడల్లా పాత ఫైల్‌ను రికవర్ చేయబోయి మళ్ళీ క్రాష్ అవుతుంది. 'ఇన్‌డిజైన్ రికవరీ' ఫోల్డర్‌లో ఉన్నవాటిని వేరే చోటికి జరపండి, డిలీట్ మాత్రం చేయకండి. ఏ ఫైల్ తెరిచినా ఇదే గొడవైతే లోపం ఫైళ్ళలో లేదు. ఇన్‌డిజైన్ మొదలుపెట్టిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని, అడిగినప్పుడు ప్రిఫరెన్సెస్ రీసెట్‌కు ఒప్పుకోండి.

ఐడీఎంఎల్ కూడా తెరుచుకోకపోతే దాని చివరి పేరు జిప్ అని మార్చి విప్పండి. లోపల 'స్టోరీస్' ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్ ఒక స్టోరీ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్యాగుల మధ్య మ్యాటర్ ఉంటుంది. యూనికోడ్ అయితే తెలుగులోనే కనిపిస్తుంది.

కోరల్‌డ్రాలో పెళ్ళి పత్రికలు చేసేవాళ్ళు ముందు 'బ్యాకప్ ఆఫ్' అని మొదలయ్యే ఫైల్ కోసం అదే ఫోల్డర్‌లో చూడండి. దాని పేరు మార్చి తెరవండి. లేదంటే కొత్త పేజీలోకి పాడైన ఫైల్‌ను 'ఇంపోర్ట్' చేసి చూడండి.

తీసిన మ్యాటర్‌ను వర్డ్‌లో పెట్టకండి

పాత ఫాంట్ల మ్యాటర్‌ను కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేయడం అందరికీ అలవాటే. వర్డ్‌కు అది ఇంగ్లీషులా కనిపిస్తుంది. తర్వాత దాన్ని ఎక్కడ సవరించినా వాక్యం మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది, కోట్లు మారుస్తుంది, స్పెల్లింగ్ దిద్దుతుంది. చిన్న అక్షరం ఒక తెలుగు ముక్క, పెద్ద అక్షరం ఇంకో తెలుగు ముక్క. తప్పదనుకుంటే ఆటో కరెక్ట్ మొత్తం ఆపేసి చేయండి. టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేస్తే మళ్ళీ తెరిచేటప్పుడు కూడా అదే ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి) ఎంచుకోండి. మారితే ఇంగ్లీషు కీబోర్డ్‌లో లేని గుర్తుల స్థానంలో ఉన్న ముక్కలన్నీ పోతాయి. తెలుగులో వాటిలో ఒత్తులు కూడా ఉంటాయి.

ఏ సాఫ్ట్‌వేర్ మ్యాటర్‌నూ తీయలేకపోతే పాత ప్రూఫ్ కాగితమో పీడీఎఫో ఆఖరి ఆధారం. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు ముందువెనకలవుతాయి. పేజీలను ఇమేజ్‌లుగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగును గుర్తుపట్టి యూనికోడ్‌లో ఇస్తుంది. పూర్తిగా దిద్దాల్సి ఉంటుంది, అయినా మొదటి నుంచి టైప్ చేయడం తప్పుతుంది.

ప్లేట్‌కు పంపే ముందు

రిపేర్ అయిన ఫైల్‌ను కొత్త పుస్తకం లాగే ప్రూఫ్ చదవాలి. పూర్తిగా చదివే టైమ్ లేకపోతే కనీసం ఒత్తులు ఎక్కువున్న మాటలు వెతికి చూడండి: స్వాతంత్ర్యం, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి, కృష్ణ, శ్రీ. వీటిలో ఒక్కటి తప్పుగా ఉన్నా అదే తప్పు పుస్తకమంతా ఉండొచ్చు. పెళ్ళి పత్రికైతే పేర్లు, గోత్రాలు, ముహూర్తం అక్షరం అక్షరం చూడండి. 'పద్మ' లో ఒత్తు పోయి 'పద' అయితే తమిళ ఆపరేటర్‌కు అందులో ఏ తేడా కనిపించదు, తప్పు అతనిది కాదు. అందుకే సీటీపీకి ఓపెన్ ఫైల్ (ఇంకా మార్చగలిగే ఫైల్) ఇవ్వకుండా ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే ఫాంట్లు లోపలే చేర్చిన పీడీఎఫ్ ఇవ్వండి. దానితో పాటు మీరు సంతకం పెట్టిన ప్రింట్ కూడా ఇచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి ఆకారాలు పోల్చమని చెప్పండి. చదవడం రాకపోయినా ఆకారం తేడాను వాళ్ళు బాగా పట్టుకుంటారు.

ఇక చెన్నైలో ఉన్నవాళ్ళకు ఒక మాట. 2015 డిసెంబర్ వరదల్లో ఎన్నో ఇళ్ళలో, దుకాణాల్లో కంప్యూటర్లు మునిగాయి. తడిసిన హార్డ్‌డిస్క్‌ను 'ఆరింది కదా' అని కరెంట్‌కు తగిలించకండి. లోపల తడి, మట్టి ఉండగా తిరిగితే డిస్క్ గీసుకుపోయి ఇక ఎవరూ ఏమీ తీయలేరు. ఎండలో పెట్టకండి, విప్పకండి. అలాగే కవర్లో చుట్టి డేటా రికవరీ చేసేవాళ్ళకు ఇవ్వండి. అక్టోబర్‌లో వానలు మొదలయ్యే ముందే సీపీయూను నేల మీద నుంచి బల్ల మీదకు ఎక్కించండి. పూర్తయిన ప్రతి పుస్తకానికీ ఫైల్, ఫాంట్లు, బొమ్మలు కలిపి ప్యాకేజ్ చేసిన ఫోల్డర్, ఐడీఎంఎల్, పీడీఎఫ్, వాడిన ఫాంట్ల వెర్షన్ రాసిన కాగితం ఫొటో ఇంకో ఇంట్లో ఉండే డ్రైవ్‌లో పెట్టుకోండి.