సగంలో అటకెక్కిన ఫాంటసీ మర్డర్ మిస్టరీని మళ్లీ పట్టాలెక్కించడం ఎలా?

మామూలు నవల మధ్యలో ఆగిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. మంత్రాలున్న హత్య కథ ఆగిపోయిందంటే మాత్రం చాలావరకు కారణం ఒక్కటే, మంత్రం ఏం చేయగలదో రాసుకున్నారు గానీ ఏం చేయలేదో రాసుకోలేదు. సగం దాకా వచ్చేసరికి "ఇంత శక్తి ఉన్నోళ్లు హంతకుడెవరో ఒక్క మంత్రమేసి కనుక్కోవచ్చు కదా" అని మీకే అనుమానమొస్తుంది, జవాబు దొరకదు, ఫైలు మూసేస్తారు. కాబట్టి ఇప్పుడు తెరవగానే కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి.

ముందు ఉన్నదాన్ని ప్రింటు తీయండి. ఎప్పుడో డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో కొట్టించిందైతే వర్డ్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, టెన్షన్ పడొద్దు, యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లో కనిపించే మామూలు తెలుగు అక్షరాల్లోకి, మార్చే కన్వర్టర్లున్నాయి (మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి). పెన్ను పట్టుకోకుండా మొత్తం చదవండి. చేతిలో పెన్ను ఉంటే మొదటి పేజీలోనే వాక్యాలు చెక్కుతూ కూర్చుంటారు, శవం దాకా చేరరు.

చదివాక ఒక తెల్లకాగితం మీద ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో జాముల వారీగా రాయండి. నవలలో చెప్పిన వరసలో కాదు, జరిగిన వరసలో. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఎవర్ని చూశారు, అబద్ధం ఎవరిది. ఇక్కడ ఒక్క గడి ఖాళీగా ఉన్నా కథ మళ్లీ అక్కడే ఆగుతుంది.

ఇక అసలు పని మంత్రానికి కళ్లెం వేయడం. ఉదాహరణకు, మీ కథ రామప్పలాంటి గుడిలో జరుగుతోందనుకుందాం. అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాల మధ్య, రంగమండపంలో, తెల్లారేసరికి ఒక నర్తకి శవం. శిల్పి కూతురికి రాళ్ల మాటలు వినిపిస్తాయి. ఇలాగే వదిలేస్తే ఆ పిల్ల స్తంభాన్ని అడుగుతుంది, స్తంభం పేరు చెప్పేస్తుంది, కథ కంచికి. అదే రాయికి కళ్లు లేవని పెట్టండి. దానికి తెలిసేది తన మీద పడ్డ బరువు ఒక్కటే, పైగా రాత్రికి ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. అప్పుడు గచ్చు మీది బండ చెప్పేది ఇంతే: "వచ్చేటప్పుడు బరువుగా వచ్చిండు, పోయేటప్పుడు తేలిగ్గ పోయిండు." అందరూ కావడితో నీళ్లు మోసేవాణ్ని పట్టుకుంటారు, నిండు కుండలతో వచ్చి ఖాళీవాటితో పోయేది వాడే కదా. నిజానికి హత్య ఇంకోచోట, శిల్పుల పాకలో జరిగింది, శవాన్ని మోసుకొచ్చి పడేశారు. రాత్రంతా మండపం వైపే రాలేదని సాక్షుల్ని చూపించిన పెద్దమనిషి పనివాడి చేత మోయించి ఉండొచ్చు, ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న ఆయన శిల్పుల పాకలో ఎప్పుడున్నాడని. చూశారా, శక్తి తగ్గించినకొద్దీ కథ పెరిగింది.

1929లో ఇంగ్లండ్‌లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత, ఆయన క్యాథలిక్ ఫాదర్ కూడా, డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. రెండోది అతీతశక్తులు పనికిరావని, దాన్ని మనం ఎలాగూ పాటించం. ఎనిమిదోదాన్ని మాత్రం వదలొద్దు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. అందుకే రాయికి బరువు తెలుస్తుందన్న సంగతి శవం దొరక్కముందే, నవ్వులాటలో పడేయండి. రెండో అధ్యాయంలో గడప రాయి ఆ పిల్లతో "మీ మామ ఈ పండక్కి బాగనే తిన్నట్టుంది" అని విసుక్కుంటే చాలు, చదివేవాళ్లు నవ్వి ముందుకెళ్లిపోతారు. నాక్స్ మూడో నియమం ప్రకారం రహస్య మార్గం ఒకటికి మించకూడదు. మన దగ్గర ఏ కోటకెళ్లినా ఇక్కడో సొరంగం ఉందంటారు గనక ఇది మనకే ఎక్కువ అవసరం, నన్నడిగితే ఆ ఒక్కటి కూడా వద్దు.

దూరాలు ఊహించకండి, నడవండి. ఖిలా వరంగల్ రాతికోట ఈ చివర నుంచి ఆ చివరికి సుమారు 1.2 కిలోమీటర్లు, అంటే దర్వాజా నుంచి మధ్యలో ఉన్న తోరణాల దాకా మామూలు నడకకు ఏడెనిమిది నిమిషాలు. దర్వాజాలు నేరుగా ఉండవు, మలుపు తిరిగి రావాలి, కాబట్టి మీ రౌతు గుర్రాన్ని దౌడు తీయిస్తూ ఒక్క ఊపున లోపలికి దూసుకురాలేడు. భుజం మీద శవం ఉన్నవాడికి ఎంతసేపు పడుతుందో, కాపలావాడి కంట పడకుండా ఎక్కడ ఆగాలో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. సాయంత్రం పూట వెళ్లండి, ఎండాకాలమైతే మరీను.

రాయడం మళ్లీ మొదలుపెట్టేది ఆగిన చోట నుంచి కాదు. హంతకుడు బయటపడే సన్నివేశం ముందు రాసేయండి, తర్వాత వెనక్కి వచ్చి ఏ ఆధారం ఎక్కడ నాటాలో చూసుకోండి. పాత అధ్యాయాల్లో బాగా వచ్చిన వర్ణనలు కొన్ని ఎగిరిపోతాయి, వేరే ఫైల్లో దాచుకోండి, ఏడుస్తూ కూర్చోకండి.

ఆఖరి అధ్యాయం తప్ప మిగతాది డిటెక్టివ్ కథలు తెగ చదివే ఒక మనిషికివ్వండి, వదినో బాబాయో ఎవరైనా సరే. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. "హంతకుడెవరని ఏ పేజీలో అనిపించింది, ఎందుకనిపించింది" అని అడిగి, చెప్పిన పేజీ నంబరు రాసుకోండి. సగానికి ముందే సరిగ్గా చెప్పేస్తే ఒక ఆధారం మరీ బయటికి కనిపిస్తోందని అర్థం. చివరిదాకా చెప్పలేక, మీరు చెప్పాక కూడా "ఇది ఎక్కడుంది నాకు కనబడలే" అంటే ఆ గడప రాయి ఇంకొంచెం గట్టిగా విసుక్కోవాలి.