సీలియాక్ వ్యాధి ఉన్నవారు రొట్టెలు నిశ్చింతగా తినాలంటే

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ సీలియాక్ వ్యాధి ఉన్నవారి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది కనుక, చపాతీ, పుల్కా, పూరీ, మైదాతో చేసే నాన్, రుమాలీ రోటీ వారు జీవితాంతం మానవలసినవే. (వ్యాధి అనుమానం మాత్రమే ఉన్నవారు పరీక్షలు ముగియకముందే గోధుమ మానేస్తే, రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు.) జొన్న రొట్టె, సజ్జ రొట్టె, బియ్యప్పిండితో చేసే సర్వపిండి వంటివాటిలో సహజంగా గ్లూటెన్ ఉండదు. కాబట్టి ధాన్యాన్ని ఎంచుకోవడం తేలికే. అసలు జాగ్రత్త పిండి మర దగ్గర మొదలవుతుంది.

గోధుమలు ఆడించిన మరలోనే జొన్నలు పోస్తే, లోపల మిగిలిన గోధుమపిండి జొన్నపిండిలో కలుస్తుంది. ముందు కొన్ని బియ్యం పోసి మరను శుభ్రం చేశామని చెప్పినా, దానిని నమ్ముకోవడం నా దృష్టిలో సరికాదు. జొన్నలలో గోధుమ గింజలు లేకుండా ఏరి, కడిగి, బాగా ఆరబెట్టి, గోధుమపిండి ఎన్నడూ తగలని మిక్సీ జారులో కొద్దికొద్దిగా పట్టి, విడిగా ఉంచుకున్న జల్లెడతో జల్లించుకోవడం మేలు. పిండి కొనవలసి వస్తే గ్లూటెన్ రహితమని ముద్రించిన ప్యాకెట్టునే కొనండి. మన దేశ నిబంధనల ప్రకారం అటువంటి ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు.

జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి కలిపి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక అరచేత్తో నొక్కుతూ మెత్తగా మర్దించి, జొన్నపిండినే చల్లుకుంటూ రొట్టె తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దితే రొట్టె పగలదు. వేడికి గ్లూటెన్ నశించదు కనుక, చపాతీలు కాల్చిన పెనాన్ని మరోసారి కాల్చినంత మాత్రాన అది సురక్షితం కాదు. పెనం, పీట, అప్పడాల కర్ర, తడిగుడ్డ అన్నీ వేరుగా ఉండాలి. కర్ర సామాను సందుల్లో పిండి నిలిచిపోతుంది కనుక పాతవాటిని కడిగి వాడుకోవద్దు.

హోటళ్లలో జొన్న రొట్టె విరగకుండా గోధుమపిండి కలపవచ్చు; మొహమాటపడకుండా అడగండి. మక్కరొట్టె గోధుమ లేనిదైనా, నాన్ కాల్చిన తందూరులోనే కాలిస్తే పనికిరాదు. రవ్వదోశెలోనూ, ఉప్మా పెసరట్టులోనూ ఉండే బొంబాయి రవ్వ గోధుమదే. ఇంట్లో రొట్టెలోకి వండే పప్పుకు ఇంగువ వేసేముందు డబ్బా మీది దినుసులు చదవండి. చాలా ఇంగువలలో గోధుమపిండి కలుపుతారు.